పాత గొడ్డలికి కొత్త కామ, ఇంట్లో చేసుకున్న పనిముట్లతో

కొత్తచేయి
అందరికీ నమస్కారం. మూలన పడి ఉన్న ఇనుప సామాను సర్దుతుంటే తాతయ్య వాడిన గొడ్డలి దొరికింది. తల బరువు 1.4 కిలోలు. ఒళ్లంతా తుప్పు. వాదర, అంటే కోసే అంచు, రెండు చోట్ల మొక్కపోయింది. కామ (పిడి కర్ర) దూర్చే బెజ్జంలో విరిగిన కామ ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది.

నిరుడు వేరే గొడ్డలికి కొన్న కామ ఒకటి బిగించాను. రెండు నెలల్లో తల కదలడం మొదలైంది. నీళ్లలో నానబెడితే బిగుసుకుంది కానీ వారం తిరక్కుండానే మళ్లీ వదులైంది. చివరికి తలకు కాస్త కింద కామ ఏటవాలుగా విరిగిపోయింది. తల ఎగిరి దూరంగా పడింది, ఎవరికీ తగల్లేదు. ఆ రోజు నుంచి గొడ్డలి పట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. అందుకే ఈసారి ప్రతి మెట్టూ తెలుసుకుని చేయాలనుకుంటున్నాను.

నా దగ్గర రంపం, ఉలి, సుత్తి, రెండు ఆకురాళ్లు ఉన్నాయి. కరెంటు మిషన్లు లేవు. మిగతావి నేనే తయారు చేసుకుంటాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతఇనుము
తుప్పు జోలికి పోకముందే తలలో పగులు ఉందో లేదో చూడండి. పగులు ఉంటే మీ శ్రమంతా వృథా. మట్టి, వదులు తుప్పు వైర్ బ్రష్‌తో తీసి, బెజ్జం చుట్టూ కిరోసిన్ బాగా పూయండి. అరగంట ఆగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దముక్క రుద్దండి. పగులు ఉంటే లోపల దాక్కున్న కిరోసిన్ సుద్దలోకి పీల్చుకుని సన్నటి తడి గీతలా పైకి కనిపిస్తుంది. బెజ్జం గోడల్లో అలాంటి గీత కనబడితే ఆ తలను గోడకు తగిలించుకోవడమే, పనికి వాడొద్దు.

పాత ముక్కను తీయడానికి నిప్పుల్లో మాత్రం పెట్టకండి. పైనా కిందా రంపంతో తలకు సమంగా కోసేసి, మిగిలినదానికి చేతి డ్రిల్‌తో నాలుగైదు రంధ్రాలు పెట్టి, గట్టి కర్రముక్క ఆనించి కొడితే ఊడొస్తుంది. లోపల పాత ఇనుప మేకులు ఉండొచ్చు, డ్రిల్ బిట్ జాగ్రత్త.

అడవిబాట
ఆ నిప్పుల మాట నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఆ తప్పు చేశాను. ముక్క కాలి బూడిదైతే సులువుగా వస్తుందని తలను మంటలో వదిలేశాను. ముక్క వచ్చింది. తర్వాత మొదటి కొమ్మ కణుపు మీద వేటు వేయగానే వాదర రేకులా మడత పడింది. మంచి ఉక్కు, ఒక్క సాయంత్రంలో పదును నిలవని ఇనుముగా మారిపోయింది.

కొలిమిగాలి
అక్కడ జరిగింది ఇదీ. గొడ్డలి వాదరకు పదను పెట్టేటప్పుడు, అంటే ఉక్కును గట్టిపరిచేటప్పుడు, ఎర్రగా కాల్చి, చప్పున చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడి చేస్తారు. ఆ రెండో వేడికి ఉక్కు మీద రంగులు వస్తాయి. దాదాపు 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 280 ప్రాంతంలో ఊదా, 300 దగ్గర నీలం. ఎంత ఎక్కువ వేడి తగిలితే ఉక్కు అంత మెత్తబడుతుంది. కట్టెల మంట ఆ హద్దులన్నీ దాటి ఎక్కడికో పోతుంది.

గ్రైండర్‌తో వాదర మీద నీలం మచ్చ తెచ్చినా అదే నష్టం. మీ దగ్గర మిషన్ లేకపోవడం ఈ పనికి మేలే. చేతి ఆకురాయితో అంత వేడి పుట్టదు.

కొత్తచేయి
కిరోసిన్, సుద్ద పరీక్ష చేశాను. గీతలేవీ రాలేదు. ముక్క కూడా ఊడింది, లోపల రెండు మేకులు ఉన్నాయి. ఇక తుప్పుకి వెనిగర్ వాడొచ్చా?

పాతఇనుము
వాడొచ్చు. తల మునిగేలా పోసి ఒక రాత్రి ఉంచండి. మధ్యలో ఒకసారి బ్రష్ చేయండి. రోజుల తరబడి మర్చిపోతే మంచి ఇనుమును కూడా తినేస్తుంది. తీశాక వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. తడిగా పది నిమిషాలు వదిలినా పసుపు రంగు తుప్పు కొత్తగా పట్టేస్తుంది. తల మీద పాత పెయింట్ ఉంటే పొడిగా గీకకండి, అందులో సీసం ఉండే అవకాశం ఉంది. తడిపి గీకండి.

బయటికి తీసినప్పుడు వాదర దగ్గర జాగ్రత్తగా చూడండి. వెనిగర్ తగిలాక గట్టి ఉక్కు ఒక రంగులో, మెత్తటి ఇనుము ఇంకో రంగులో తేలుతుంది. పాత గొడ్డళ్లు చాలావాటికి ఒళ్లంతా మెత్తటి ఇనుము, వాదరకు మాత్రం ఉక్కు ముక్క అతికి ఉంటుంది. ఆ రెండూ కలిసే గీత ఎంత లోపలికి ఉందో తెలిస్తే ఇంకా ఎన్నేళ్ల పదును మిగిలిందో తెలుస్తుంది.

కొత్తచేయి
కనిపించింది! వాదర నుంచి సుమారు 3 సెంటీమీటర్ల లోపల అల లాంటి గీత. దానికి వాదర వైపు ముదురు బూడిద రంగు, బెజ్జం వైపు లేత రంగు. తాతయ్య ఇన్నేళ్లు నూరినా అంత మిగిలింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు కామ సంగతి. ఎండిన తుమ్మ దుంగ ఒకటి ఉంది. పలకగా కోయమంటారా?

చెక్కమనిషి
కోయొద్దు తమ్ముడూ, చీల్చు. మీ నిరుటి కామ ఏటవాలుగా విరిగిందన్నారు చూడు, నా అనుమానం అక్కడే ఉంది. రంపం చెక్క నారను పట్టించుకోదు, గీత గీసిన చోట కోసుకుంటూ పోతుంది. నార ఏటవాలుగా ఉంటే కామ పక్కలో నుంచి బయటికి వచ్చేస్తుంది. ఆ నార తెగిన చోటే కామ విరుగుతుంది. దుంగను చీలికలు కొట్టి పగలగొడితే నార ఎటు పోతే పగులు అటు పోతుంది. వంకరగా చీలిందా, ఆ ముక్క కామకు పనికిరాదని అప్పుడే తెలిసిపోతుంది.

చీల్చిన ముక్క చివర చూడు, వలయాల గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు గొడ్డలి రేకు ఉన్న దిశలోనే, అంటే ముందు నుంచి వెనక్కి పోయేలా పెట్టుకో. కణుపు ఉన్న ముక్క వద్దు. దుంగ మధ్యలోని బెండు భాగం అసలే వద్దు, అది ఎండే కొద్దీ పగులుతుంది.

తుమ్మ మంచిదే, చిరుమాను ఇంకా మంచిది. యాష్, హికరీ అనే విదేశీ చెట్ల చెక్క వాడేవాళ్లూ ఉన్నారు. ఏ చెట్టు అన్నది రెండో మాట. నార నిటారుగా ఉండడం మొదటి మాట.

ఎండిందా లేదా అన్నది కంటితో చెప్పలేం. కామకు కావలసినదానికంటే కొంచెం లావుగా చెక్కి, త్రాసు మీద తూచి, తేదీ వేసి రాసుకో. వారానికోసారి తూచు. రెండు మూడు వారాలు బరువు తగ్గకుండా నిలబడితే అప్పుడు బెజ్జంలో పెట్టు. పచ్చిగా బిగిస్తే ఎండాక సన్నబడుతుంది, తల ఊగుతుంది.

కొత్తచేయి
అన్నా, చీలిస్తే ఒక ముక్క మెలితిరిగి వచ్చింది, రెండోది బాణంలా నిటారుగా వచ్చింది. రెండోదాన్ని తూచి అటక మీద పెట్టాను. బరువు నిలబడేదాకా ఆగుతాను. ఈలోగా పనిముట్లు చేసుకుంటాను. ఏవేవి కావాలి?

సానరాయి
నాలుగు చాలు. ఒకటి, గీకుడు రేకు. పాత రంపం రేకు నుంచి అరచేయంత ముక్క కోసి, అంచును ఆకురాయితో సమం చేసి, గట్టి ఉక్కు కడ్డీతో ఆ అంచును నొక్కుతూ రాస్తే సన్నటి మడత లేస్తుంది. ఆ మడతే పదును. దీంతో గీకితే దుమ్ము రాకూడదు, ఉల్లిపొర లాంటి చెక్కు రావాలి. దుమ్ము వస్తే మడత పోయిందని అర్థం, మళ్లీ రాయాలి. పగిలిన గాజు పెంకుతో గీకేవాళ్లు కూడా ఉన్నారు, పని అవుతుంది కానీ చేయి జాగ్రత్త.

రెండోది, గట్టి కర్రతో చెక్క సుత్తి. కామ మడమ, అంటే చేత్తో పట్టుకునే కింది కొస, మీద ఇనుప సుత్తితో కొడితే పగులుతుంది.

మూడోది, పాత తోలు బెల్టును చెక్కపలకకు అతికించిన పదును పట్టీ.

నాలుగోది కాలితో తొక్కి చెక్కను పట్టుకునే బల్ల. పలక ఒకటి, దాని మీద వాలుగా ఇంకో పలక, మధ్యలో ఇరుసు మీద ఊగే కర్ర. కింద తొక్కితే పైన తల వచ్చి చెక్కను నొక్కి పట్టుకుంటుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా పట్టుకుంటుంది.

కొలిమిగాలి
ఆ బల్ల చేసుకుంటే దానికి తోడు రెండు పిడుల కత్తి ఉండాలి. కామ చెక్కడానికి దాన్ని మించింది లేదు. పాత ఆకురాయితో చేసుకోవచ్చు, ఆకురాయి మంచి కర్బనం ఉన్న ఉక్కు. పైపొర మాత్రమే గట్టిగా, లోపల మెత్తగా ఉండేది కాకుండా పాతకాలపు గట్టిది తీసుకోండి.

ముందు దాన్ని ఎర్రగా కాల్చి పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. మెత్తబడుతుంది. రెండు వైపులా పళ్లు పూర్తిగా అరగదీయండి. ఈ పని తొందరగా ముగించాలనిపిస్తుంది, ముగించకండి. పంటి గాటు ఒక్కటి మిగిలినా పదను పెట్టేటప్పుడు అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. తర్వాత ఒకవైపు మాత్రం వాలు తీసి, రెండు కొసలూ సన్నగా సాగగొట్టి పిడుల కోసం వంచండి.

పదనుకి, మళ్లీ కాల్చి అయస్కాంతం చూపిస్తూ ఉండండి. 770 డిగ్రీల దగ్గర ఉక్కును అయస్కాంతం పట్టుకోవడం మానేస్తుంది. ఇంకాస్త ఎర్రబడగానే గోరువెచ్చటి నూనెలో నిటారుగా ముంచండి. నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, మూత పక్కనే ఉండాలి, పని ఆరుబయటే జరగాలి. నూనె అంటుకుంటే మూత వేయండి, నీళ్లు పోయకండి. చల్లారాక గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడేస్తే విరుగుతుంది. వెంటనే తళతళలాడేలా రుద్ది, గడ్డి రంగు వచ్చేదాకా నెమ్మదిగా వేడి చేసి వదిలేయండి.

కొత్తచేయి
మొదటి కత్తి పగిలింది. మీరు చెప్పినట్టే ఒక పంటి గాటు దగ్గర. రెండోది బాగా వచ్చింది. తుమ్మ బెరడు మీద లాగితే పొడవాటి రిబ్బన్‌లా లేస్తోంది. నేను చేసిన పనిముట్టు ఇంకో పనిముట్టును తయారు చేస్తుంటే కలిగే సంతోషం ఇంతకుముందు తెలియదు.

కామ బరువు మూడు వారాలుగా మారలేదు. ఇప్పుడు బెజ్జంలో పెట్టి చూస్తే ఒకవైపు బిగుతుగా, ఒకవైపు వదులుగా ఉంది. ఎంత చెక్కినా సమంగా దిగడం లేదు.

చెక్కమనిషి
చెక్కడం ఆపు. ముందు బెజ్జం కొలతలు చెప్పు. పైన, కింద, మధ్యలో, మూడు చోట్లా.

కొత్తచేయి
పైన పొడవు 62, వెడల్పు 20 మిల్లీమీటర్లు. కింద 58, 18. లోతు 65. మధ్యలో ఎడమ గోడ దాదాపు 2 మిల్లీమీటర్లు లోపలికి ఉబ్బి ఉంది.

చెక్కమనిషి
దొరికింది. ఎవరో గొడ్డలి వెనకవైపుతో ఇనుప మేకులు కొట్టారు, లేదా ఆ వెనకవైపు మీద సమ్మెటతో కొట్టారు. అక్కడ బెజ్జం గోడ మెత్తటి ఇనుము, ఆ దెబ్బలకు లోపలికి వంగింది. మీ కామ ఆ ఉబ్బు ఒక్కదాని మీదే ఆనుకుంటోంది, మిగతా అంతా గాలి. గుండ్రటి ఆకురాయితో ఆ ఉబ్బును కొద్దికొద్దిగా అరగదీయి. పై అంచు, కింది అంచు కూడా కత్తిలా ఉంటే మొండి చెయ్యి, లేకపోతే చెక్క నారను కోసేస్తాయి.

ఆ తర్వాత మసి పరీక్ష. దీపపు మసిలో చుక్క నూనె కలిపి బెజ్జం లోపల పలచగా పూయి. కామను దూర్చి, మడమ మీద చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేయి. తల వెనక్కి కొట్టి తీయి. చెక్క మీద నల్లటి మచ్చలు పడతాయి. ఆ మచ్చలు ఉన్న చోటే గీకుడు రేకుతో ఒక్క పొర తీయి. మచ్చ లేని చోట ముట్టుకోకు. మళ్లీ పెట్టు, మళ్లీ తీయి. మొదట రెండు మూడు మచ్చలే వస్తాయి. పోను పోను మచ్చలు ఎక్కువై చుట్టూ పరుచుకుంటాయి. చుట్టూ నల్లగా అయ్యాక ఆగు. నేను ఒక్కో కామకు ఇరవై, ముప్పైసార్లు ఇలా పెట్టి తీస్తాను. గొడ్డలి పనిలో సగం సమయం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. ఇక్కడ తొందరపడ్డ కామను చీలిక (కామ పైకొసలో రంపంతో గాటు పెట్టి అందులో దిగగొట్టే ఏటవాలు చెక్కముక్క) కాపాడలేదు, జిగురూ కాపాడలేదు.

అడవిబాట
ఒక చిన్న ప్రశ్న చెక్కమనిషి గారూ. నా గొడ్డలికి చీలికే లేదు. కామ పైకొస లావుగా ఉంటుంది, కింది నుంచి తలను ఎక్కించి పైకి లాగితే బిగుసుకుంటుంది. అది తప్పు పద్ధతా?

చెక్కమనిషి
తప్పు కాదండీ, అది వేరే రకం. మీ బెజ్జం కింది నుంచి పైకి విప్పారుతూ, కామ కూడా అలాగే పైకి లావెక్కుతూ ఉంటుంది. గొడ్డలి విసిరినప్పుడల్లా తల బయటికి పోవాలని చూస్తుంది, పోయేకొద్దీ లావు భాగం మీద బిగుస్తుంది. కామ విరిగితే అడవిలోనే కర్ర చెక్కి మార్చుకోవచ్చు. పిడి సన్నని కొస నుంచే తల ఎక్కాలి, కాబట్టి మడమ దగ్గర ఉబ్బు పెట్టుకోలేరు. అదొక్కటే ఇబ్బంది.

కొత్తచేయి గారి తలకు కూడా పైనే వెడల్పు కాబట్టి రెండు రకాలూ పనికొస్తాయి. కానీ వెడల్పులో తేడా 2 మిల్లీమీటర్లే. చీలికతోనే వెళ్లమంటాను.

కొత్తచేయి
ఇరవై ఆరుసార్లు. లెక్క రాసుకున్నాను. ఇప్పుడు చుట్టూ నల్లటి పట్టీ ఒకటే వస్తోంది. చీలిక ఎంత లావు ఉండాలి?

చెక్కమనిషి
లెక్క వేద్దాం. కింద 18లో పట్టిన చెక్క పైన 20 నింపాలి, అంటే 2 మిల్లీమీటర్లు విచ్చుకోవాలి. నీ రంపం గాటు ఒక 2 ఉంటుందనుకో. మొత్తం 4. చెక్క కొంత అణుగుతుంది కాబట్టి లావు కొస 6 పెట్టు, సన్న కొస 1 దాకా దించు. రంపం గాటు బెజ్జం లోతులో మూడింట రెండు వంతులు, అంటే 43 మిల్లీమీటర్లు. చీలిక అంతకంటే పొడవుగా ఉండనీ, కానీ గాటు అడుగు తాకకముందే బిగిసిపోవాలి. అడుగు తాకి ఆగితే అది బిగిసినట్టు కాదు.

తల ఎక్కించేటప్పుడు నేల మీద ఆనించి కొట్టకు. కామను నిటారుగా, తల కిందికి వేలాడేలా గాల్లో పట్టుకుని మడమ మీద చెక్క సుత్తితో కొట్టు. బరువైన తల ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, కామ దానిలోకి దిగుతుంది. ఒక్కో దెబ్బకీ శబ్దం మారుతుంది. బోలు శబ్దం పోయి గట్టి శబ్దం వచ్చాక ఇక దిగదు. చెక్క పైన 5 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా కోయి. ఆ బయటి భాగం విచ్చుకుని పుట్టగొడుగు గొడుగులా తలను ఆపుతుంది.

పొడవు వైపు 62, 58 తేడా మిగులుతుంది కదా, దానికి చెక్క చీలికకు అడ్డంగా ఒక చిన్న ఇనుప మేకు కొట్టొచ్చు. తప్పనిసరి కాదు.

సానరాయి
చీలిక కొట్టేముందు ఒక్క నిమిషం. వాదర వైపు నుంచి కన్ను పెట్టి చూడండి. వాదర గీత, కామ మధ్య గీత, మడమ మధ్య ఒకే సూటిలో ఉండాలి. పక్కకు తిరిగి ఉంటే ఇప్పుడే గీకి సరిచేయాలి. చీలిక దిగాక ఇక దిద్దుబాటు ఉండదు.

కొత్తచేయి
సూటి చూశాను, వెంట్రుక వాసి కుడికి ఉంటే ఒకవైపు రెండు పొరలు తీశాను. చీలిక దిగింది. ఒకమాట అడగాలి. నిరుడు నానబెడితే బిగిసి మళ్లీ ఎందుకు వదులైంది?

చెక్కమనిషి
నీళ్లు తాగిన చెక్క ఉబ్బాలనుకుంటుంది. చుట్టూ ఇనుము, ఉబ్బడానికి చోటు లేదు. నార తనలో తనే నలిగిపోతుంది. ఎండాక ఆ నలిగిన నార పాత లావుకు తిరిగి రాదు, ముందుకంటే సన్నగా అవుతుంది. నానబెట్టిన ప్రతిసారీ ఇంకొంచెం పాడవుతుంది. తల వదులైతే చీలికను లోపలికి కొట్టాలి, లేదా తీసి లావైనది వేయాలి.

సానరాయి
ఇక పదును. అట్టముక్క మీద వాదర వంపు గీసుకుని కత్తిరించి అచ్చు చేసుకోండి, అప్పుడు ఒక మూల ఎక్కువ అరగదు. మొక్కపోయిన చోట గుంత చేయకుండా వాదర మొత్తం వెనక్కి తీసుకెళ్లండి. వాలు మీద మార్కర్ పెన్ను రాసి, ఆకురాయి ఎక్కడ తాకుతోందో చూసుకోండి. చెట్టు నరికే గొడ్డలికి రెండు వైపులూ కలిపి 25 నుంచి 30 డిగ్రీలు, కట్టెలు చీల్చేదానికి ఇంకాస్త మొండిగా. బుగ్గలు, అంటే తల పక్క భాగాలు, కొద్దిగా ఉబ్బుగా ఉంటే చెక్కలో ఇరుక్కోదు. ఆకురాయి పిడికి తోలుముక్క కవచంలా తొడిగి, గట్టి చేతి తొడుగు వేసుకోండి. తర్వాత సానరాయి, చివర బెల్టు పట్టీ.

పాతఇనుము
కామకు అవిసె నూనె పలచగా రాయండి. రాసి, పావుగంట ఆగి మిగిలింది తుడిచేయాలి. లావుగా రాస్తే జిగటగా ఉండిపోతుంది. పై కొసకు, రంపం కోసిన చోట ఎక్కువ తాగనివ్వండి. తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి పడేయకండి. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే నిప్పంటుకుంటుంది. ఆరుబయట విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

కొత్తచేయి
గుడ్డలు తీగ మీద విడివిడిగా ఆరేశాను.

నెల రోజులు వాడాక రాస్తున్నాను. ఎండిన కొమ్మలన్నీ కొట్టాను. మొదటి రోజు మధ్యాహ్నం అలవాటుగా తల పట్టుకుని ఊపి చూశాను, కదల్లేదు. ఆ తర్వాత కూడా పని మొదలుపెట్టేముందు ప్రతిరోజూ ఊపి చూస్తున్నాను. చెక్క, ఇనుము కలిసే చోట పెన్సిల్‌తో గీత గీసి ఉంచాను, తల జారితే కనబడుతుందని. గీత ఇంకా అక్కడే ఉంది. కామ నడుమ సన్నగా చెక్కాను కాబట్టి దెబ్బ మణికట్టుకు తగలడం లేదు.

ఒక్కటే సందేహం. చీలిక ఒక మిల్లీమీటరు పైకి లేచినట్టు ఉంది. దాన్ని అలాగే వదిలేయనా?

చెక్కమనిషి
వదలొద్దు. గట్టి కర్రముక్క చీలిక మీద ఆనించి రెండు దెబ్బలు వేయి. గాలిలో తేమ తగ్గినప్పుడు మొదటి నెలలో అలా లేవడం మామూలే. దిగాక పై కొసకు మళ్లీ నూనె పట్టించు, వారం తర్వాత చూసి ఇక్కడ రాయి. ఎండ తగిలే చోట మాత్రం పెట్టకు.